యుద్ధం చదవాలంటే ముందు తిండి లెక్క అడగండి

(హనుమకొండలోని ఒక రీడింగ్ హాల్లో, పోటీ పరీక్షలకూ సైన్యంలో చేరడానికీ సిద్ధమవుతున్న యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం)

వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకు రండి, కింద కూర్చున్నా ఏం కాదు. మైక్ సరిగా పనిచేయడం లేదు, నా గొంతు అంత దూరం రాదు.

పోయిన వారం స్టేడియంలో రన్నింగ్ అయ్యాక ఒక తమ్ముడు నన్ను ఆపి, సార్, మిలిటరీ హిస్టరీ చదవాలని ఉంది, మొదట ఏ పుస్తకం కొనాలి అని అడిగాడు. ఫోన్‌లో ఒక లిస్టు చూపించాడు. పైన సున్ జూ, దాని కింద క్లాజ్‌విట్జ్, ఇద్దరూ యుద్ధ శాస్త్రం రాసినవాళ్లే, ఆ కింద ట్యాంకుల బొమ్మల పుస్తకాలు, ప్రపంచంలోని గొప్ప సేనాపతుల జీవితాలు, ఇట్లా కిందికి పోతూనే ఉంది. ఆ పుస్తకాలు చెడ్డవని నేను అనను. కానీ ఆ వరుసలో మొదలుపెడితే నెల తిరగకముందే పుస్తకం మూలకు పడుతుంది. ఆ తమ్ముడికి ట్రాక్ మీద నిలబడి చెప్పడానికి వీలు కాలేదు, అందుకే ఇవాళ మీ అందరికీ కలిపి చెప్తున్నాను.

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేసిన మనిషిని. మా పని రేషన్, డీజిల్, కిరోసిన్, గుర్రాలకూ కంచరగాడిదలకూ దాణా చేరవేయడం. కశ్మీర్ నుంచి లద్దాఖ్‌కు పోవాలంటే జోజి లా అనే కనుమ దాటాలి, చలికాలంలో మంచు పడితే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి అక్కడి జవాను జనవరిలో తినే పప్పు, పిండి, నూనె, కాల్చుకునే కిరోసిన్ అంతా ముందటి వేసవిలోనే పైకి ఎక్కాలి. ఎన్ని లారీలు, ఎన్ని ట్రిప్పులు, ఎన్ని రోజులు దారి తెరిచి ఉంటుంది అనే లెక్కతోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, యుద్ధం గురించి ఏ పుస్తకం తెరిచినా నేను మొదట వెతికేది ఈ లెక్కనే. మీరూ అదే చేయాలని నా కోరిక.

సర్వీసులో ఉన్నప్పుడు ఢిల్లీ దరియాగంజ్‌లో ఆదివారం పూట పాత పుస్తకాల సంతలో క్లాజ్‌విట్జ్ పుస్తకం కొన్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశాను. ఆయన ప్రష్యా సైన్యాధికారి, 1831లో చనిపోయాడు, మరుసటి ఏడు ఆయన భార్య మేరీ ఆ రాతప్రతులను అచ్చు వేయించడం మొదలుపెట్టింది. మొత్తంలో మొదటి అధ్యాయం ఒక్కటే పూర్తయినట్టు లెక్కపెట్టుకోవచ్చని ఆయనే రాసుకున్నాడు. పైగా ఆ పుస్తకం నెపోలియన్ యుద్ధాలను కళ్లారా చూసినవాళ్ల కోసం రాసింది. పది యుద్ధాలు వివరంగా తెలిసినవాడికి ఆ పది ఎందుకు అట్లా జరిగాయో ఆలోచించడానికి పనికొస్తుంది. ఒక్క యుద్ధమూ వివరంగా తెలియని నాకు అందులో ఏం అందుతుంది? మన కౌటిల్యుడి అర్థశాస్త్రం సంగతీ అంతే. 1905లో మైసూరులో శామశాస్త్రిగారికి దొరికి, 1909లో అచ్చయిన ఆ గ్రంథంలో దండు నడవడం గురించీ కోట ముట్టడి గురించీ చాలా ఉంది, కానీ అది రాజు ఏం చేయాలో చెప్పే శాస్త్రం, ఫలానా రోజున ఫలానా చోట ఏం జరిగిందో అందులో ఉండదు. శాస్త్రాలు తర్వాత చదవండి. మొదట ఒకే ఒక్క యుద్ధం పట్టుకోండి, చిన్నదైనా సరే, మీరు నడిచి వెళ్లి చూడగలిగే చోట జరిగినది.

మనకు ఆ కొరత లేదు. ఇక్కడి నుంచి ఆటో ఎక్కితే ఖిలా వరంగల్.

అక్కడ రీల్స్ తీసుకోనివాళ్లు మీలో ఎవరూ ఉండరు, తీసుకోండి, తప్పేం లేదు. కానీ ఒకసారి బయటి మట్టికోట దగ్గర మొదలుపెట్టి లోపలి రాతికోట దాకా నడవండి. రెండూ గుండ్రంగానే ఉంటాయి. రాతి గోడ గణపతిదేవుడు మొదలుపెట్టాడనీ, రుద్రమదేవి పూర్తి చేసిందనీ చదువుకున్నారు కదా. దానికి నలభై అయిదు బురుజులు. గోడ చుట్టూ కందకం. రాతికోట దర్వాజా దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి, నేరుగా లోపలికి పోలేరు, మలుపు తిరిగి పోవాలి. ఊపుమీద వచ్చే ఏనుగు ఆ మలుపులో ఆగాలి, ఆగిన ఏనుగు మీద గోడపైనుంచి ఏమైనా వేయొచ్చు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ మలుపులో నిలబడి తల పైకెత్తితే అర్థమైంది. అయితే ఆ గోడల మీదికి ఎవరు వచ్చారు, ఏ దారిన వచ్చారు, ఎన్ని రోజులు ఉన్నారు అనేది గోడ చెప్పదు, అక్కడ పుస్తకం కావాలి.

మొదటి పుస్తకంగా నేను చెప్పేది రిచర్డ్ ఈటన్ రాసిన దక్కన్ సామాజిక చరిత్ర. 2005లో వచ్చింది, ఇంగ్లీషులో ఉంది. ఎనిమిది మంది జీవితాల మీద ఎనిమిది అధ్యాయాలు. మొదటి అధ్యాయం మన ప్రతాపరుద్రుడిది, ఏడో అధ్యాయం సర్వాయి పాపన్నది. వరంగల్ పిల్లలకు ఇంతకంటే దగ్గరి పుస్తకం నేను చూడలేదు. పేరులో యుద్ధం అనే మాట లేదని వదిలేయొద్దు. యుద్ధ చరిత్ర అని అట్ట మీద రాసి ఉన్న పుస్తకాల్లోనే యుద్ధం ఉంటుందనుకోవడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు.

ఇప్పుడు ఆ కథ చూడండి. 1309 చివర్లో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాపతి మాలిక్ కాఫుర్ ఢిల్లీ నుంచి బయల్దేరి 1310 మొదట్లో ఓరుగల్లు చేరాడు. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఈ దండయాత్ర గురించి రాశాడు, అందులో మన మట్టికోట ఎంత గట్టిదో వర్ణన ఉంది, హనుమకొండ గుట్టను ముందుగా పట్టుకున్నారనీ ఉంది. గుట్ట ఎందుకు? ఎక్కి చూడండి, ఓరుగల్లు వైపంతా కనిపిస్తుంది. మట్టిగోడ పోయాక ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చుకున్నాడు. ఇంకో చరిత్రకారుడు బరనీ ఒక సంగతి రాశాడు, నాకు అది చాలా ఇష్టం. ఢిల్లీ నుంచి దండు దాకా దారి పొడవునా వార్తాహరుల మజిలీలు పెట్టారట, ముట్టడి మధ్యలో ఆ దారి తెగిపోయి కబురు ఆగిపోతే అల్లావుద్దీన్ ఖిల్జీ టెన్షన్ తట్టుకోలేక సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా దగ్గరికి మనుషుల్ని పంపించి అడిగించాడట. అంత పెద్ద సుల్తాను, నెలల దూరంలో తన దండు బతికి ఉందో లేదో తెలియని పరిస్థితి. మాకు పైన పోస్టులతో వైర్‌లెస్ ఒక్క పూట పోతే ఎట్లా ఉండేదో నాకు తెలుసు, అందుకే ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

పదేళ్లు దాటాక, అప్పటి ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చాడు, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయింది ఆయనే. మొదటిసారి ముట్టడి వేశాడు, ఢిల్లీ కబురు రాక, సుల్తాను చనిపోయాడని పుకారు పుట్టి, దండులో గొడవలొచ్చి వెనక్కి దేవగిరి వైపు పోయాడు. ఇక్కడ, జాగ్రత్తగా వినండి, ఒక కథనం ప్రకారం ప్రతాపరుద్రుడు గండం గట్టెక్కిందనుకుని కోటలోని ధాన్యం కొట్లు తెరిపించి జనానికి విందులు చేయించాడు. ఉలుగ్ ఖాన్ మాత్రం ఈసారి తొందరపడలేదు, దారిలో ఉన్న బీదర్, బోధన్ కోటలు ముందు పట్టుకుని, వెనక దారి తెగిపోకుండా చూసుకుని, 1323లో మళ్లీ వచ్చాడు. కోటలో పాతర ఖాళీ. గోడ అదే గోడ, కందకం అదే కందకం, బురుజులు అవే. మొదటిసారి నిలబడిన కోట రెండోసారి ఎందుకు పడిపోయింది అని మీ బడి పుస్తకాన్ని అడిగితే ఒక్క వాక్యం చెప్తుంది. నన్నడిగితే పాతరలో గింజ లేదు, అవతలివాడికి వెనక దారి భద్రంగా ఉంది అంటాను. ఈ రెండు ముక్కలూ ఇచ్చే పుస్తకం మంచి పుస్తకం. రాజు వీరత్వం గురించి ఇరవై పేజీలు రాసి గింజల గురించి ఒక్క మాట రాయనిది రెండోసారి చదవాల్సిన పని లేదు.

ఇంకొకటి చెప్తాను, ఇప్పుడే లెక్క వేద్దాం. కాకతీయులకు తొమ్మిది లక్షల మంది విలుకాళ్లు ఉన్నారని మన పాత గ్రంథాల్లో ఉంది, నవలక్ష ధనుర్ధరులు అని గొప్పగా చెప్పుకుంటాం. సరే. మనిషికి రోజుకు కిలో గింజలు వేసుకోండి. తొమ్మిది లక్షల కిలోలు, అంటే 900 టన్నులు. ఒక ఎద్దు వీపు మీద వంద కిలోలు మోస్తుందనుకుంటే రోజుకు 9,000 ఎద్దులు లోడుతో రావాలి. ఒక్క రోజుకే. నెలకు? ఆ ఎద్దులు తినేదెక్కడిది? గుర్రాలకు దాణా, ఏనుగులకు మేత, నీళ్లు? ఈ లెక్క వేస్తే ఆ అంకె కవి నోట పుట్టిందని మీకే తెలిసిపోతుంది. కవిని తప్పు పట్టడం లేదు, రాజు గొప్పతనం చెప్పడం ఆయన పని. పుస్తకం రాసిన చరిత్రకారుడు కూడా ఆ అంకెను అట్లాగే దించేసుకుంటే మాత్రం ఆ పుస్తకంలోని మిగతా అంకెలను కూడా నమ్మకండి.

అసలు ఎద్దుల మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ మహబూబాబాద్, నర్సంపేట వైపు తండాల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూడండి, సగం హాలు. మొఘల్ సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాళ్ల వెంట ధాన్యం మోసింది బంజారాల ఎద్దుల మందలే. తర్వాత 1791, 92లో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ టిప్పు మీదికి శ్రీరంగపట్నం పోయినప్పుడు కూడా బంజారాలే గింజలు తెచ్చారు. అంటే నా కోర్ పుట్టకముందు ఆ పని చేసింది మీ ముత్తాతలు. సేనాపతుల జీవిత చరిత్రల్లో వాళ్ల పేర్లుండవు. అందుకే సరఫరా మీద రాసిన పుస్తకం ఒకటి తప్పకుండా చదవమంటాను. మార్టిన్ వాన్ క్రెవెల్డ్ 1977లో రాసిన దాని పేరు సప్లయింగ్ వార్. పాతకాలపు సైన్యం తను నడిచే నేల మీద బతికేది, ఒకేచోట ఎక్కువ రోజులు ఆగితే చుట్టూ ఉన్నదంతా తినేసి తనే ఆకలితో మాడేది అని ఆయన చూపిస్తాడు. అది చదివాక ఓరుగల్లు ముట్టడి మళ్లీ చదవండి, కోట లోపలివాడికే కాదు, బయటివాడికి కూడా ఆకలి గడియారం నడుస్తుందని తెలుస్తుంది.

తర్వాతి మాట. ఏ యుద్ధమైనా రెండు వైపుల నుంచి చదవండి. ఒకే వైపు నుంచి పది పుస్తకాలు చదవడం కంటే చెరో వైపు నుంచి ఒక్కొక్కటి చదవడం మేలు. సర్వాయి పాపన్ననే తీసుకోండి. 1708లో ఆయన వరంగల్ పట్టణం మీద పడ్డాడు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతల్లో పాపన్న ఒట్టి దోపిడీదారు. మన ఊళ్లలో పాడే కథలో ఆయన వీరుడు, తల్లితో మాట్లాడే మాటలకే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఏది నిజం అని వెంటనే అడగొద్దు. ఖాఫీ ఖాన్ ఎవరి కోసం రాశాడు, పాట ఎవరి ముందు పాడారు, రెండింటిలోనూ ఒకేలా ఉన్న సంగతులు ఏమిటి, వాటిని ముందు వేరు చేసి పెట్టుకోండి. షాపూర్ కోట జనగామ వైపే ఉంది, బండి మీద పోయి చూసి రండి.

ఇక 1948. ఈ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరి తాత ముత్తాతల కథ ఇది. సెప్టెంబర్ 13న భారత సైన్యం నిజాం రాష్ట్రంలోకి వచ్చింది, అయిదు రోజుల్లో ముగిసింది, ఇటు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, అటు నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్. దీని మీద ఎంత మంది రాశారో చూడండి. ఢిల్లీ తరఫున హైదరాబాదులో ఉన్న కె.ఎం. మున్షీ రాశాడు, సంస్థానాల విలీనం చూసిన వి.పి. మీనన్ రాశాడు, నిజాం ప్రధానమంత్రి లాయక్ అలీ రాశాడు, ఓడిపోయిన ఎల్ ఎద్రూస్ కూడా జ్ఞాపకాలు రాశాడు, ఇవేవీ కాక అడవిలో దళాలు నడిపిన వైపు నుంచి పుచ్చలపల్లి సుందరయ్య వీర తెలంగాణ విప్లవ పోరాటం రాశాడు. ఒకే సంఘటన, అయిదు కుర్చీలు. ఈ అయిదింటిలో రెండు చదివినా చాలు, రాసినవాడు ఎక్కడ కూర్చుని చూశాడన్నది మీకు తెలియడం మొదలవుతుంది. పరకాల అమరధామం ముందు నుంచి బస్సులో ఎన్నిసార్లు పోయి ఉంటారు? 1947 సెప్టెంబర్ 2న అక్కడ కాల్పులు జరిగాయి. బైరాన్‌పల్లి బురుజు ఇంకా నిలబడే ఉంది, 1948 ఆగస్టు 27న రజాకార్లు వచ్చినప్పుడు ఊరివాళ్లు దాని మీదినుంచి పోరాడారు. అక్కడ చనిపోయినవాళ్ల సంఖ్య ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. ఆ తేడా చూసి విసుక్కోకండి, ఎవరు ఎప్పుడు ఎవరిని అడిగి రాశారో వెతకండి. ఆ ఊరివాళ్లను అడిగి, పేరు పేరునా రాసుకునే ఓపిక మీలో ఒక్కరికి ఉన్నా అది పెద్ద పని అవుతుంది.

స్వతంత్రం తర్వాతి యుద్ధాలకు కూడా ఇదే పద్ధతి. 1962 చైనా యుద్ధం గురించి బ్రిగేడియర్ దల్వీ రాసిన హిమాలయన్ బ్లండర్ చదవండి. నామ్కా చూ వాగు ఒడ్డున ఆయన బ్రిగేడ్ అక్టోబర్ 20న దెబ్బతింది, ఆయన చైనావాళ్లకు పట్టుబడ్డాడు. చలి బట్టలు లేక, తుపాకీ గుండ్లు చాలక, విమానంలోంచి జారవిడిచిన సరుకు లోయల్లో పడిపోతుంటే చూస్తూ నిలబడ్డ మనుషుల సంగతి చదువుతుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే అది నా కోర్ పని. ఆ తర్వాత, పై కమాండర్ జనరల్ కౌల్ తన వైపు నుంచి రాసుకున్న పుస్తకం కూడా చదవండి. కోపం వస్తుంది, అయినా చదవండి. 1971కి అయితే మన జనరల్ జేకబ్ రాసినదీ, లొంగిపోయిన పాకిస్తాన్ జనరల్ నియాజీ రాసినదీ పక్కపక్కన పెట్టుకోండి. విశాఖ దగ్గర మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఎట్లా మునిగిందన్న విషయంలో ఇప్పటికీ మనవాళ్ల మాట ఒకటి, వాళ్ల మాట ఒకటి. ఈ యుద్ధాలన్నీ ఒకేచోట కావాలంటే ఎయిర్ వైస్ మార్షల్ అర్జున్ సుబ్రమణ్యం 2016లో తెచ్చిన పుస్తకం ఉంది, 1947 నుంచి 1971 దాకా మూడు దళాలనూ కలిపి రాశాడు, భాష కష్టం కాదు.

పుస్తకం చేతిలోకి తీసుకోగానే మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. మ్యాపులు ఉన్నాయా? మ్యాపు లేని యుద్ధ పుస్తకం కొనకండి. ఉన్నా, మ్యాపులో స్కేలు ఉందా, పుస్తకంలో చెప్పిన ఊళ్లు మ్యాపులో దొరుకుతున్నాయా? మంచి మ్యాపు ఏం చేయగలదో చూడాలంటే ఫ్రాన్స్ ఇంజనీర్ మినార్ 1869లో గీసిన ఒక బొమ్మ ఉంది, ఫోన్‌లో దొరుకుతుంది. 1812లో నెపోలియన్ రష్యా మీదికి పోయిన దారి అది, గీత మందమే మనుషుల సంఖ్య. బయల్దేరినప్పుడు 4,22,000, మాస్కో చేరేసరికి 1,00,000, తిరిగొచ్చేసరికి 10,000. మంచు చంపిందని అందరం అనుకుంటాం, కానీ ఆ గీత మాస్కోకు పోయేటప్పుడే, ఎండల్లోనే, సన్నబడిపోయింది. ఆకలి, జ్వరాలు, గుర్రాలకు గడ్డి లేకపోవడం. అట్ట మీద హీరో బొమ్మ వేసే పుస్తకాలు ఇది చెప్పవు.

తర్వాత, పుస్తకం ఏ ఏడాది రాసిందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలను బ్రిటన్ చదివేసిందన్న సంగతి 1974 దాకా జనానికి తెలియదు. అంతకు ముందు వచ్చిన పుస్తకాల్లో ఫలానా జనరల్‌కు శత్రువు ఎత్తు ముందే ఎట్లా తట్టిందో అని మెచ్చుకోళ్లు ఉంటాయి, అసలు కారణం రాసినవాళ్లకే తెలియదు. సోవియట్ వైపు కాగితాలు 1990ల తర్వాతే ఎక్కువగా బయటపడ్డాయి, అందాక తూర్పు రణరంగం కథ చాలావరకు ఓడిన జర్మన్ జనరళ్లు చెప్పిందే, వాళ్లేమో తప్పంతా హిట్లర్ మీద వేశారు.

ఇంకో పుస్తకం, తర్వాత ఇక మీ ప్రశ్నలు. జాన్ కీగన్ 1976లో రాసిన ద ఫేస్ ఆఫ్ బ్యాటిల్. ఆయన ఇంగ్లండులో శాండ్‌హర్స్ట్ మిలిటరీ అకాడమీలో పాఠాలు చెప్పినవాడు, తనెప్పుడూ యుద్ధంలో లేనని మొదట్లోనే ఒప్పుకుంటాడు. 1415 అజిన్‌కోర్ట్, 1815 వాటర్‌లూ, 1916 సోమ్, ఈ మూడు యుద్ధాల్లో మామూలు సైనికుడికి ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఎందుకు పారిపోకుండా నిలబడ్డాడు అని అడుగుతాడు. సైన్యంలోకి పోవాలనుకుంటున్న మీరు ఇది పోకముందే చదవాలి. మీ అమ్మానాన్నలు కూడా చదివితే మంచిదే.

ప్రశ్నలు అడగండి. ఆ నీలం చున్నీ అమ్మాయి, చెప్పమ్మా.

ఇంగ్లీషు రాకపోతే ఎట్లా, తెలుగులో ఏం లేవా అని అడుగుతోంది. మంచి ప్రశ్న. తెలుగులో యుద్ధాన్నే విషయంగా తీసుకుని, మ్యాపులతో, ఆధారాలతో రాసిన పుస్తకాలు తక్కువే, అది మన లోటు, బాధగానే ఒప్పుకుంటున్నాను. కానీ ముడిసరుకు కావలసినంత ఉంది. సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర చదివితే ఆ కాలంలో జనం ఏం తిన్నారు, ఎట్లా బతికారు అన్నది తెలుస్తుంది, అది తెలియకుండా సైన్యం అర్థం కాదు. కాకతీయుల కథ చెప్పే ప్రతాపచరిత్ర ఉంది, అంకెలు జాగ్రత్తగా చూసుకుంటూ చదవాలి. శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర ఉంది. శాసనాలు ఉన్నాయమ్మా, వాటిని మర్చిపోవద్దు. రుద్రమదేవి 1289లో చనిపోయిందని మనకు చెప్పింది ఏ మహాకావ్యమూ కాదు, నల్గొండ వైపు చందుపట్ల అనే ఊళ్లో దొరికిన ఒక రాయి. ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని చెప్పేది విలస తామ్ర శాసనం. ఇంగ్లీషు పుస్తకాలకు భయపడకు, నేను పదో తరగతి తెలుగు మీడియం చదివి సైన్యంలో చేరాను, నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు నాలుగు పేజీలు చదివాను. మొదటి పుస్తకానికి ఏడాది పట్టింది. రెండోదానికి నాలుగు నెలలు.

ఇంకెవరు? ఆ తమ్ముడు. నవలలు చదవొచ్చా అంటున్నాడు. చదువు, తప్పకుండా చదువు, నోరి నరసింహశాస్త్రి, అడివి బాపిరాజు నవలలు చదివే నాకు ఓరుగల్లు మీద ప్రేమ పుట్టింది. పరీక్షలో మాత్రం నవలలోని డైలాగు ఆధారంగా రాయకు.

టైం అయిపోయిందని సైగ చేస్తున్నారు. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు ఖిలా వరంగల్ మట్టికోట తూర్పు వైపు ఉంటాను. అక్కడి నుంచి రాతికోట దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుద్దాం, కందకం వెడల్పు తాడుతో కొలుద్దాం. నోట్‌బుక్, పెన్ను, నీళ్ల సీసా తెచ్చుకోండి. ఈటన్ పుస్తకం మొదటి అధ్యాయం నా దగ్గర ఉంది, ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్తాను, వచ్చేవాళ్లు మీ పేరు బయట రిజిస్టర్‌లో రాయండి, ఎంతమందికి టిఫిన్ తేవాలో నాకు తెలియాలి.